నిజం సోమవారం

కుర్చీల కార్ఖానాలో ఆయన్ని ఎదురుగా "ప్లానింగ్ సార్" అనేవాళ్లు. వెనకాల మాత్రం "నిన్నటికే సార్" అనేవాళ్లు. ఏ పని గురించైనా "ఎప్పటికి కావాలి సార్?" అని ఎవరన్నా అడిగితే, ఆయన తల ఎత్తకుండానే "నిన్నటికే" అనేవాడు మరి. తనకా పేరుందని ఆయనకు తెలుసు. తెలిసీ తెలియనట్టు ఊరుకునేవాడు, ఎందుకంటే లోలోపల ఆ పేరంటే ఆయనకు కాస్త గర్వమే.

ఆయన గది బయట గోడకి తలుపంత నల్లబోర్డు ఉంది. కోత, బిగింపు, పాలిష్, ప్యాకింగ్ అని గళ్లు గీసి, ఏ ఆర్డరు ఏ విభాగంలో ఎప్పటికి పూర్తి కావాలో సుద్దముక్కతో గుండ్రటి అక్షరాల్లో రాసేవాడు. చూడముచ్చటైన బోర్డు. అందులో ఒక్క తేదీ కూడా నిజం కాదు. కొనేవాళ్లు శుక్రవారం కావాలంటే ప్యాకింగ్ గడిలో బుధవారమని రాసేవాడు. పాలిష్ గడిలో సోమవారమని, బిగింపు గడిలో ఇంకా ముందని రాసేవాడు. పిల్లలకి అందకుండా మిఠాయిలు పైఅరలో దాచే తల్లిలాగా, ఎవరి గడువులోంచి వాళ్లకు తెలియకుండా కాస్త కోసి దాచుకునేవాడు. ఎక్కడో ఒకచోట పని ఆగుతుంది, అప్పుడు దాచినవి బయటికి తీస్తే సరిపోతుంది. ఆయనొచ్చినప్పటి నుంచి ఆ కార్ఖానా గేటు దాటి ఒక్క కుర్చీ కూడా ఆలస్యంగా వెళ్లలేదు. అందరి కళ్లకీ గంతలు కట్టి నడిపిస్తున్నది తానేనని ఆయన ధీమా. ఆ ధీమాతోనే రోజూ హాయిగా గుర్రుపెట్టి నిద్రపోయేవాడు.

ఆ హాయికి ఎసరు పెట్టడానికి మరదలు దిగింది.

మరదలంటే భార్యకి సొంత చెల్లెలు. విశ్వవిద్యాలయంలో పరిశోధన చేస్తోంది. చేపట్టిన పనులు దేనివల్ల గట్టెక్కుతాయి, దేనివల్ల మునుగుతాయి, కార్ఖానాల్లో పనుల్ని ఏ వరసలో పెట్టుకుంటే గడువు తప్పదు అన్నది ఆమె విషయం. అప్పటికే బోలెడు కార్ఖానాలు తిరిగింది. ఎక్కడ చూసినా ఆలస్యాలే. బావ కార్ఖానా ఒక్కటే ఆమె లెక్కల్లో ఒంటరిగా, అనుమానాస్పదంగా మెరుస్తూ కనిపించింది.

"బావా, నువ్వొక వింత జంతువువి. నిన్ను దగ్గర్నుంచి చూడాలి," అని చెప్పి ఆమె తన పెట్టె తెచ్చి ముందుగదిలో పెట్టేసింది.

మొదటి ప్రశ్న అన్నం ముందే అడిగింది. "పనులు వరస పెట్టడానికి ఏ పద్ధతి వాడతావు? ముందొచ్చిన ఆర్డరు ముందా? గడువు దగ్గరపడింది ముందా? లేకపోతే చిన్న పని ముందా?"

"ఎవరు గట్టిగా అరిస్తే వాళ్లది ముందు."

"అది మా పుస్తకాల్లో లేదు."

"ఉండాలి. రాసుకో."

ఆమె రాసుకుంది కూడా. తర్వాత ప్రశ్నల కాగితాలు ఇచ్చింది. ప్రతి వాక్యానికీ ఒకటి నుంచి అయిదు దాకా అంకెలు. ఒప్పుకునేకొద్దీ పెద్ద అంకె చుట్టాలి. ఆయన మజ్జిగ తాగుతూ అన్నిటికీ అయిదు చుట్టి పక్కకు నెట్టాడు.

మరదలు కాగితాలు తిరగేసి నవ్వింది. "'గడువులు అందరికీ ఉన్నవి ఉన్నట్టు చెబుతాను' అన్నదానికి అయిదు పెట్టావు. బాగుంది. 'గడువుల్లో కొంత నా దగ్గరే దాచుకుంటాను' అన్నదానికీ అయిదే పెట్టావు. ఈ రెండూ ఒక మనిషిలో ఎలా ఉంటాయి బావా?"

బావ నీళ్లు నమిలాడు. భార్య వంటింట్లోంచి "ఉంటాయే, ఆ మనిషిలో ఉంటాయి," అంది.

మర్నాటి నుంచి మరదలు కార్ఖానాలోనే మకాం వేసింది. ప్యాకింగ్ గది మూలలో రెండు కుర్చీలు వేయించుకుని, ఒక్కొక్కరినీ పిలిచి, తలుపేసి మాట్లాడేది. బిగింపు చూసే వడ్రంగి మేస్త్రి నవ్వాపుకుంటూ బయటికొచ్చాడు. పాలిష్ విభాగానికి పెద్దయిన పాలిష్ అక్క, జోకు కోసం చేతిలో బ్రష్షు ఆపని మనిషి, కళ్లు తుడుచుకుంటూ పొట్ట పట్టుకుని వచ్చింది. నిన్నటికే సార్‌కి ఒళ్లంతా చీమలు పాకినట్టయింది.

"ఏం చెప్పారే వాళ్లు?"

"చెప్పకూడదు బావా. ఎవరేమన్నారో బయటపెట్టనని సంతకం చేశాను. పరిశోధన నియమం."

"ఇంట్లోవాడికి కూడానా?"

"ఇంట్లోవాడికి అసలే చెప్పకూడదు."

ఇదిలా ఉండగా ఇంట్లో మరో సంగతి నడుస్తోంది. ఆయన భార్య చాలా ఏళ్లు టీచరుగా చేసి, ఎట్టకేలకు హెడ్‌మిస్ట్రెస్ అయింది. కొత్తగా కట్టిన చిన్నపిల్లల బడి. గోడలకింకా సున్నం వాసన పోలేదు. ఆ బడికి కుర్చీలు, బల్లలు చేసే ఆర్డరు ఈ కార్ఖానాకే వచ్చింది. మోకాలెత్తు కుర్చీలు, మూలలు నున్నగా గుండ్రం చేసినవి.

ఒక సాయంత్రం ఆమె వచ్చి ఆయన ఎదురుగా కూర్చుంది. ఆయన చేతిలోని పేపరు తీసి పక్కన పెట్టింది.

"నేను చెప్పేది సరిగ్గా వినండి. వచ్చే సోమవారం పొద్దున పిల్లలొస్తారు. ఆదివారానికల్లా కుర్చీలు గదుల్లో ఉండాలి."

"అలాగే."

"అలాగే అంటే సరిపోదు. ఇది నిజం సోమవారం. కొత్త బడి, కొత్త ఉద్యోగం. మొగుడి కార్ఖానా నుంచే కుర్చీలు తెప్పించుకోలేకపోయింది, ఇక ఈవిడ బడేం నడుపుతుంది అంటే నా తల ఎక్కడ పెట్టుకోను? ఈ ఒక్కసారి నేను చెప్పింది చెప్పినట్టు నమ్మండి."

"నమ్మాను," అన్నాడాయన గుండె మీద చెయ్యేసుకుని. మీసాల చాటున మాత్రం నవ్వుకున్నాడు.

నవ్వుకోక ఏం చేస్తాడు? కుర్చీల్ని వేళకు పంపే ఈ మనిషి తను మాత్రం ఎక్కడికీ వేళకు వెళ్లడు. పెళ్లైన కొత్తలో రెండు రైళ్లు తప్పించాడు. అప్పటి నుంచి ఆవిడ ఆరింటి రైలుని అయిదింటికని చెప్పేది. తొమ్మిదింటి పెళ్లిని ఎనిమిదింటికనేది. ఈ సంగతి కనిపెట్టాక ఆయన తన వంతుగా గంట కలుపుకోవడం మొదలుపెట్టాడు. ఆయన కలుపుకుంటున్నాడని ఆవిడ ఇంకో అరగంట ముందుకు జరిపింది. ఇంట్లో గడియారాలు సరిగ్గానే ఉండేవి. వాటి మాట ఎవరూ వినేవారు కాదంతే.

కాబట్టి సోమవారమంటే ఆ పై సోమవారమని ఆయన నిశ్చయం. "నిజం" అన్న మాట ప్రత్యేకంగా కలిపిందంటే మరీనూ. నాకా చెవిలో పువ్వు పెట్టేది అనుకుని, మర్నాడు బోర్డు మీద బడి కుర్చీల్ని ఆ పైవారానికి నెట్టాడు. ఒక ఫంక్షన్ హాలు వాళ్ల పెద్ద కుర్చీల్ని ముందుకు తెచ్చాడు. చిన్న కుర్చీలకు చెక్క కోసి ఓ మూల పేర్చారు, అంతే. అవి అక్కడే దుమ్ము తింటూ కూర్చున్నాయి.

ఆ సోమవారానికి ముందు మంగళవారం సాయంత్రం ఆయన తీరిగ్గా కాళ్లు చాపుకుని కూర్చున్నాడు. మరదలు ఎదురుగా లాప్‌టాప్ ముందేసుకుని ఏవో గీతలు గీస్తోంది. వంటింట్లో భార్య గిన్నెలు కడుగుతూ, చేతులు తడిగా ఉన్నాయని ఫోను గట్టు మీద పెట్టి, వాళ్లమ్మతో పైకి వినిపించేలా మాట్లాడుతోంది. ఆ తల్లి కొత్త బడి చూడ్డానికి రైలు టికెట్టు కూడా తీసుకుందట.

"సోమవారమంటే సోమవారమేనా, మీ ఆయనకి చెప్పే సోమవారమా?" అని ఫోనులోంచి అత్తగారి గొంతు ఖంగుమంది.

"నిజం సోమవారమే అమ్మా. ఆయనకి కూడా ఈసారి అదే చెప్పాను."

ఆయన చాపిన కాళ్లు దగ్గరికొచ్చాయి. భార్య లోకంలో ఎవరికైనా వేళలు తగ్గించి చెబుతుంది గానీ, తల్లికి మాత్రం చెప్పదు. చెప్పినా ఆ తల్లి దగ్గర నిలవదు. కళ్లముందు మూలనున్న చెక్కముక్కలు కనిపించాయి. దుమ్ముతో సహా.

"బావా, మొహంలో నెత్తురు చుక్క లేదేంటి?" అంది మరదలు మెల్లగా. ఆమె ఒకసారి వంటింటివైపు చూసింది, ఒకసారి బావవైపు చూసింది. రెండూ కలుపుకుంది. తర్వాత దిండు నోటికి అడ్డం పెట్టుకుని ఎంత నవ్వాలో అంతా నవ్వింది.

"నవ్వకే తల్లీ. మీ అక్కకి చెప్పకు. కాళ్లు పట్టుకుంటాను."

"కాళ్లు నాకెందుకు? ప్రశ్నల కాగితాలు మళ్లీ పూరించు. ఈసారి నిజం."

"పూరిస్తాను. ఇంతకీ ఇప్పుడేం చెయ్యను?"

"నిజం చెప్పి చూడు. మా పుస్తకాల్లో అది మంచి పద్ధతే అని రాశారు. ఎవరన్నా వాడారో లేదో నాకు తెలీదు," అంది మరదలు కళ్లు తుడుచుకుంటూ.

బుధవారం పొద్దున్నే ఆయన బోర్డు ముందు నిలబడి అందర్నీ పిలిచాడు. బడి కుర్చీలు ఆ పైవారానికి కాదు, శనివారం సాయంత్రానికే లారీ ఎక్కాలన్నాడు. హాలు కుర్చీలు పక్కన పెట్టమన్నాడు.

"అలాగే సార్," అన్నారు అందరూ ఏకకంఠంతో. వెళ్లి హాలు కుర్చీలే బిగించడం మొదలుపెట్టారు.

ఆయన మేస్త్రి వెనకాల పరిగెత్తాడు. "అయ్యా, చిన్న కుర్చీలన్నాను."

"తెలుసు సార్. వచ్చే వారం మొదలెడతాం."

"ఈ శనివారానికి కావాలయ్యా! నిజంగా! ఒట్టు!"

మేస్త్రి చేతిలో సుత్తి కింద పెట్టి జాలిగా చూశాడు. "పోయినసారీ ఒట్టే సార్."

"పోయినసారి లారీ గేటు దగ్గరికొచ్చేసిందన్నారు," అంది పాలిష్ అక్క బ్రష్షు దులుపుతూ. "అంతకుముందు యజమానిగారికి గుండెల్లో నొప్పన్నారు. ఆయనేమో ఆ సాయంత్రమే టీకప్పు పట్టుకుని ఇక్కడే తిరిగారు. మేం అడిగితే, ఎవరికి నొప్పి అన్నారు పాపం."

ఆయనకి దారి లేకపోయింది. బోర్డు వైపు వేలు చూపించి, ఉన్నదంతా కక్కేశాడు. ఇన్నేళ్లుగా రాసిన తేదీలన్నీ అబద్ధాలేనన్నాడు. అందరి గడువులూ కోసి దాచుకున్నానన్నాడు. తిడతారనుకున్నాడు, కనీసం ముక్కున వేలేసుకుంటారనుకున్నాడు. ఒక్కరు కూడా ఉలిక్కిపడలేదు.

"మాకు తెలుసు కద సార్," అన్నాడు మేస్త్రి. "మీరు శుక్రవారమని రాస్తే మేం ఆ పై మంగళవారమని చదువుకుంటాం. మీరొచ్చిన మొదటి ఏడు నుంచీ అంతే."

"మేస్త్రి బుధవారానికి ఇస్తానంటే నేను శుక్రవారం బ్రష్షులు తడుపుతాను," అంది పాలిష్ అక్క. "నాకొకటి చెబుతాడు, మీకొకటి చెబుతాడు."

మేస్త్రి తల గీరుకున్నాడు. ప్యాకింగ్ వాళ్లు పాలిష్ అక్క గురించి ఏదో చెప్పబోయి ఆమె చూపు చూసి ఊరుకున్నారు.

అందరి కళ్లకీ గంతలు కట్టానని మురిసిపోయిన మనిషికి, గంతలున్నది తన కళ్లకేనని ఇవాళ తెలిసింది. కుర్చీలు వేళకు వెళ్లాయంటే అది ఆయన తెలివి కాదు. ఒకరి అబద్ధం ఇంకొకరికి కంఠతా వచ్చు, అందుకే వెళ్లాయి. ఆయనకు ఏడుపు కూడా సరిగ్గా రాలేదు.

"ఇప్పుడు చెబుతున్నది మాత్రం నిజం," అన్నాడు నీరసంగా.

"ఇలా ఒప్పుకోవడం కొత్త పద్ధతి సార్. చాలా బాగుంది. నేనైతే ఒక్క క్షణం నమ్మేశాను," అని పాలిష్ అక్క మనస్ఫూర్తిగా మెచ్చుకుంది.

ఇక ఆయన దగ్గర మాటలు అయిపోయాయి. అరచేత్తో బోర్డు మొత్తం తుడిచేశాడు. చేతినిండా సుద్దపొడితో వాళ్ల వైపు తిరిగి, "సరే. తొందరేం లేదు. మీకు ఎప్పుడు వీలైతే అప్పుడే చెయ్యండి," అన్నాడు. గదిలోకి వెళ్లి తలుపేసుకున్నాడు. ఎత్తు వెయ్యాలని అనలేదు ఆ మాట. భార్యకి ఏ మొహం పెట్టుకుని చెప్పాలో ఆలోచించుకోవడానికి కాస్త చోటు కావాలి, అంతే.

బయట రంపం ఆగిపోయింది.

"తొందరేం లేదన్నారు," అన్నాడు మేస్త్రి. ఆ కార్ఖానాలో ఆ మాట ఎవరూ ఎప్పుడూ విని ఎరగరు. గోడ నోరు విప్పి పలకరించినా అంత బెదిరిపోయేవాళ్లు కాదు. అందరూ ఖాళీ బోర్డు కేసి గుడ్లప్పగించి చూశారు.

కార్ఖానా అమ్మేస్తున్నారేమో అన్నారొకరు. సార్ ఉద్యోగం మానేస్తున్నారేమో అన్నారు ఇంకొకరు. పాలిష్ అక్క అడ్డంగా తల ఊపింది. "మొహం చూశారా, ఎలా పాలిపోయిందో? ఇన్నేళ్ల అబద్ధాలు వరసపెట్టి ఒప్పుకున్నారు. మనిషి ఎప్పుడు ఒప్పుకుంటాడు అలా?"

ఎవరో ముక్కు చీదారు.

"డాక్టరు గడువు పెట్టుంటాడు," అంది ఆమె గొంతు తగ్గించి.

"డాక్టర్లూ కాస్త ముందే చెబుతార్లే," అన్నాడు మేస్త్రి ధైర్యానికి.

అందరూ కలిసి మరదలి మీద పడ్డారు. ఆమె ప్యాకింగ్ గది గుమ్మంలో నిలబడి ఇదంతా వింటూనే ఉంది. "ఏమ్మా, మీ బావగారికి..." అని మేస్త్రి మొదలుపెట్టి పూర్తి చెయ్యలేకపోయాడు. అబ్బే అదేం లేదండీ అని ఆమె ఒక్క ముక్క అంటే అయిపోయేది. అనలేదు. పైకప్పు వైపు చూసింది. పొడుగ్గా నిట్టూర్చింది.

"నేనేం చెప్పకూడదండీ. సంతకం చేశాను," అంది. "సోమవారం ఆ చిన్న కుర్చీల్లో పిల్లలు కూర్చుంటే కళ్లారా చూడాలని ఆయనకి మహా ఇదిగా ఉంది," అని కూడా అంది. అందులో ఒక్క మాట అబద్ధం కాదు. పరిశోధన నియమాలు ఆమె తు.చ. తప్పకుండా పాటించింది.

మేస్త్రి మరుక్షణం హాలు కుర్చీలన్నిటినీ గోడవారకి నెట్టించాడు. మూలనున్న చెక్కముక్కల దుమ్ము దులిపారు. ఒకరు కాళ్లు రుద్దుతుంటే ఒకరు జిగురు పూస్తున్నారు, ఇంకొకరు బిగిస్తున్నారు. పని మేస్త్రి చేతిలోంచి పాలిష్ అక్క చేతిలోకి అలా వెళ్లిపోతోంది. ఎప్పటికిస్తావని ఆమె అడగలేదు, ఎప్పటికిస్తానని ఆయనా చెప్పలేదు. వార్నిష్ తొందరగా ఆరాలని ఆమె ఇంట్లోంచి సొంత టేబుల్ ఫ్యాను మోసుకొచ్చింది. ఇంట్లో వాళ్లు ఉక్కకి చచ్చినా ఫరవాలేదంది.

నిన్నటికే సార్ ఆ రోజంతా గదిలోంచి కదల్లేదు. రంపం చప్పుడు వినబడుతుంటే హాలు కుర్చీలే అనుకున్నాడు. అడక్కుండా వేడి వేడి టీ వచ్చింది. మేస్త్రి స్వయంగా ఒక మెత్తటి దిండు తెచ్చి వీపు వెనక సర్ది, "మీరు లేవకండి సార్," అని వెళ్లిపోయాడు. పరువు పోయినవాడి మీద జాలి చూపిస్తున్నారని ఆయన మరింత కుంగిపోయాడు.

గురువారం పొద్దున తలుపు తెరిచి చూస్తే ఎదురుగా చిన్న కుర్చీల బారు. ఆయన కళ్లు నులుముకున్నాడు. మరదల్ని పక్కకి లాగాడు.

"ఏం మంత్రం వేశావే?"

"నేనెక్కడ వేశాను? నువ్వే వేశావు. 'తొందరేం లేదు' పద్ధతి. దీనికింకా శాస్త్రంలో పేరు పెట్టలేదు."

అంటే చివరికి తన మాట నమ్మారన్నమాట! ఆయన సంతోషం పట్టలేక ఈల వేసుకుంటూ విభాగాలన్నీ తిరిగాడు. అందరి భుజాలూ తట్టాడు. "ఎంత నిబ్బరం చూడు మనిషికి," అని పాలిష్ అక్క గోడవైపు తిరిగి ముక్కు తుడుచుకుంది.

శనివారం సాయంత్రం ఆఖరి బల్ల లారీ ఎక్కింది. మేస్త్రి ఆయన్ని లారీ చాటుకి తీసుకెళ్లి, అటూ ఇటూ చూసి, చెవి దగ్గరికొచ్చి అడిగాడు.

"ఆపరేషన్ ఎప్పుడు సార్?"

"ఎవరికి?"

"మా దగ్గర దాచకండి సార్. రక్తం కావాలంటే నాదీ, మా అన్నయ్యదీ ఉంది. అక్క కూడా ఇస్తానంది."

నిన్నటికే సార్‌కి విషయం ఒక్కొక్క మెట్టే దిగుతూ బుర్రలోకి దిగింది. మరదలి కోసం చూశాడు. ఆమె దూరంగా నిలబడి ఆకాశంలో దేన్నో పరీక్షగా చూస్తోంది.

"నాకే జబ్బూ లేదయ్యా. గుండ్రాయిలా ఉన్నాను."

"అలాగే సార్," అన్నాడు మేస్త్రి ఆయన చెయ్యి పట్టుకుని. "అలాగే ఉండాలి సార్ మీరు."

ఆయన లారీ మీది చిన్న కుర్చీల కేసి చూశాడు. ఇన్నేళ్లూ వీళ్లని తేదీ చూపించి బెదిరిస్తే తప్ప కదలరనుకున్నాడు. బోర్డు మీద తేదీయే లేని రోజు వీళ్లు ఆయన కోసం చేశారు, ఉత్త ఆయన కోసమే. ఆయనకి సిగ్గేసింది, అంతకంటే ఎక్కువగా వాళ్ల మీద ప్రేమ ముంచుకొచ్చింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. మేస్త్రి ఆ నీళ్లు చూశాడు, ఇక ఆయనకి అనుమానమే లేకపోయింది.

సోమవారం బడి గదుల్లో వార్నిష్ వాసన, పిల్లల గోల. చిన్న కుర్చీల్లో కూర్చుంటే పిల్లలందరి పాదాలూ నేలకి ఆనుతున్నాయి. హెడ్‌మిస్ట్రెస్ గది గదికీ తిరిగి, ఏదో ఒక కుర్చీ వీపు నిమిరి, చివరికి వరండాలో నిలబడ్డ భర్త దగ్గరికొచ్చింది. ఆవిడ మొహం వెలిగిపోతోంది.

"నమ్మారు," అంది. "పెళ్లైనప్పటి నుంచి మొదటిసారి, నేను చెప్పింది చెప్పినట్టు నమ్మారు."

ఆ మాట ఆయనకి చురుక్కున తగిలింది. నమ్మలేదని చెప్పేద్దామని నోరు తెరిచాడు. సరిగ్గా అప్పుడే అత్తగారు సామాన్ల గది గుమ్మంలోంచి తల బయటపెట్టింది.

"ఇంతకీ ఈ చాపలన్నీ ఏం చేస్తావే?"

హెడ్‌మిస్ట్రెస్ మొహంలో వెలుగు ఠక్కున ఆరిపోయింది.

"ఏం చాపలు?" అన్నాడాయన. వెళ్లి చూశాడు. గోడవారగా చుట్టలు చుట్టి నిలబెట్టిన కొత్త చాపలు, పిల్లకొకటి చొప్పున. తాళ్లు కూడా విప్పలేదు.

"ఎప్పుడు కొన్నావు?"

ఈసారి నీళ్లు నమలడం ఆవిడ వంతయింది. "మీకు చెప్పిన మర్నాడే."

"నమ్మమన్నావు కదా?"

"అన్నాను. మీరు నమ్ముతారని నేనే నమ్మలేదు."

ఆయన మనసు నొచ్చుకుంది. నొచ్చుకోవడానికి తనకేం హక్కుందో ఆలోచించుకుని ఊరుకున్నాడు. "మంచిపనే చేశావు. నేను నమ్మలేదు. మొన్న మంగళవారం మీ అమ్మకి చెబుతుంటే విని అప్పుడు పరుగులు పెట్టాను," అన్నాడు.

ఆవిడ ఎగాదిగా చూసింది. కోపం తెచ్చుకోబోయింది. ఆ చాపల చుట్టలు కంటపడేసరికి రాలేదు. నోటికి చెయ్యడ్డం పెట్టుకుని నవ్వింది. నవ్వుతూనే కళ్లొత్తుకుంది. అల్లుడూ కూతురూ చాపల్ని చూసి ఎందుకు నవ్వుతున్నారో అత్తగారికి అర్థం కాలేదు.

"సాయంత్రం ఆరింటికి ఇంటికొస్తాను," అన్నాడాయన వెళ్లేముందు.

"ఆరంటే?"

"ఆరే."

ఆరింటికి ఆయన గుమ్మం ముందున్నాడు. తలుపుకి తాళం. ఇంట్లో ఎవరూ లేరు. మెట్టు మీద కూర్చుని జేబులోంచి మరదలిచ్చిన ప్రశ్నల కాగితాలు తీశాడు. మాట ఇచ్చాడు కాబట్టి ఒక్కొక్కటే నిజంగా పూరించుకుంటూ వచ్చాడు. 'సభ్యులు ఒకరి మాట ఒకరు నమ్ముతారు' అన్న దగ్గర పెన్ను ఆగిపోయింది. ఒకటి చుడదామనుకున్నాడు. టేబుల్ ఫ్యాను గుర్తొచ్చి అయిదు చుడదామనుకున్నాడు. చాపలు గుర్తొచ్చాయి. చీకటి పడుతున్నా ఆ ఒక్కటీ తేలలేదు.

ఏడున్నరకి అక్కాచెల్లెళ్లిద్దరూ వచ్చారు, తల్లిని రైలెక్కించి, కూరగాయలు కొనుక్కుని, తీరిగ్గా.

"అయ్యో, ఇప్పుడే వచ్చారా?" అంది భార్య తాళంచెవి వెతుక్కుంటూ.

"ఆరింటికే వచ్చాను."

"పోనిద్దురూ, అబద్ధాలు!"

మరదలు మెట్టు మీద ఆయన చుట్టూ రాలిన ఆకులు, పక్కన పొరుగింటివాళ్లు ఇచ్చిన టీ గ్లాసు ఖాళీగా, మోకాలి మీద సగం నిండిన కాగితాలు చూసింది. ఆమె మాత్రం నమ్మింది. అయినా నోరు విప్పలేదు, చూరు వైపు చూసింది.

"రేపు కూడా ఆరింటికే వస్తాను," అన్నాడాయన లేచి బట్టలు దులుపుకుంటూ.

భార్య తాళం తిప్పుతూ ఆగింది.

"సరే," అంది. "రేపు ఆరున్నరకల్లా ఇంట్లో ఉంటాన్లెండి."

ఒక్క రోజులో గంట తగ్గింది. ఆయన మళ్లీ పెన్ను తీసి, గుమ్మంలోనే నిలబడి, ఆ ప్రశ్నకి రెండు చుట్టాడు.